మూడో నీళ్ళ దాకా

వాగు ఊరికి తూర్పున పారే రోజుల మాట ఇది. ఇప్పుడు పడమటన పారుతుంది. అది ఎప్పుడు పక్క మార్చుకుందో చెప్పగలిగిన మనిషి లేడు. అంత పాత మాట. పెద్దవాళ్ళు పిల్లల్ని దగ్గర పెట్టుకుని వినండి. పిల్లలు అడ్డం రాకుండా వినండి.

ఆ ఊళ్ళో ఆదెమ్మ అని ఒక మనిషి ఉండేది. ఆమెకి పొలం లేదు, పశువు లేదు, తోడు లేదు. పన్నెండేళ్ళకి కాపురానికి వచ్చింది. ఇరవై రెండేళ్ళకి ఆ ఇంటికి అమ్మవారు వచ్చింది. అమ్మవారంటే మశూచి రోగం. ఆ పేరు నోటితో పలికేవాళ్ళు కాదు. తల్లి వచ్చింది అనేవాళ్ళు. ఒంటి మీద లేచిన పొక్కుల్ని ముత్యాలు అనేవాళ్ళు. సోమవారం మొగుడు పోయాడు. బుధవారం పెద్దపిల్ల పోయింది. శుక్రవారం చంటివాడు పోయాడు. ఆదెమ్మ ఒక్కతే లేచి కూర్చుంది. ముఖం నిండా గుంటలు. ఎడమ కంట్లో పువ్వు.

అత్త ఆ ముఖం చూసి, "ముగ్గుర్ని మింగి నువ్వెందుకు లేచావే?" అని అడిగింది.

ఆ మాటకి బదులు ఆదెమ్మ బతికినన్నాళ్ళూ వెతుక్కుంది, దొరకలేదు.

అత్త వెళ్ళగొట్టాక వాగు ఒడ్డున, ఊరి చివరి ఇంటికి ఇంకా అవతల, గుడిసె వేసుకుంది. ఒకసారి చూసిపోయిన మనిషి దగ్గరికి తల్లి మళ్ళీ రాదు. అందుకని ఏ ఇంట్లో ఎవరికి ముత్యాలు పోసినా, చూసే దిక్కు లేకపోతే ఆదెమ్మ గుడిసెకే మోసుకొచ్చేవాళ్ళు. ఆమె గడప మీద వేపమండ కట్టేది. రోగిని అరిటాకు మీద పడుకోబెట్టేది. వేపాకుతో విసిరేది. మూడో రోజు పసుపూ వేపాకూ వేసి ఎండకి కాగిన నీళ్ళు పోసేది. అవి మొదటి నీళ్ళు. ఆరో రోజు రెండో నీళ్ళు. తొమ్మిదో రోజు మూడో నీళ్ళు. మూడో నీళ్ళు పోశాక మండ విప్పేది. మనిషి బతికి ఉంటే ఇంటికి పోయేది. లేకపోతే ఆదెమ్మే వాగు పక్కన గొయ్యి తీసేది.

వేపమండ ఉన్న గడప ఎవరూ దాటరు. మూడో నీళ్ళ దాకా దాటరు. రాజు వచ్చినా దాటడు, దొంగ వచ్చినా దాటడు. ఆ తొమ్మిది రోజులూ లోపలివాళ్ళు తల దువ్వకూడదు, బట్ట చాకలికి వేయకూడదు, బిచ్చగాడికి పెట్టకూడదు. పొయ్యి మీద తాలింపు అసలు వేయకూడదు. నూనె చిటపటమంటే తల్లికి కోపం. ఊరంతా తగలబెడుతుందని నమ్మకం. ఆ నమ్మకం ఆదెమ్మకీ ఉంది. లేదని కథ చెప్పేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకి తెలియదు.

సరే. ఇట్లా ఉండగా ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ఐదుగురని అంటారు, ఏడుగురని అంటారు. ముగ్గురే.

మొదట వచ్చింది పేరమ్మ. గానుగ ఆడించే వీరయ్య పెళ్ళాం. ఆ పొద్దున ఆదెమ్మ గుడిసెలో రోగులెవరూ లేరు. ఎండబెట్టుకుందామని విరిచిన వేపమండ చేతిలో ఉంది. పేరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గర పడింది. కుడి చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు.

"అత్తా, దాచు."

"ఎటు పోతన్నావే ఇంత పొద్దున?"

"వాగులోకి."

"దాటడానికా?"

పేరమ్మ నీళ్ళ వైపే చూసింది. వాగు వైపు పరిగెత్తే ఆడదానికి రెండే పనులు. ఒకటి దాటడం. రెండోది ఆదెమ్మకి తెలుసు. రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

వెనకే వీరయ్య వచ్చాడు. చేతిలో ఎద్దుని పొడిచే ముల్లుకర్ర.

"ఇటేమన్నా నా గొడ్డు వచ్చిందా?" అన్నాడు నవ్వుతూ.

ఆదెమ్మ ఏం ఆలోచించిందో ఆమెకే తెలియదు. చేతిలో ఉన్న మండ తీసి గడప మీద కట్టింది.

"వచ్చింది నాయనా. ఒళ్ళు కాలిపోతంది. నుదుటి మీద ముత్యాలు లేస్తన్నయ్. తోలుకుపోతావా? తోలుకుపో. తల్లి కూడా నీ వెనకాలే వస్తది. ఇద్దర్నీ గానుగకి కట్టుకో."

వీరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగుకి ముల్లుకర్ర పడేసి, వెనక్కి చూడకుండా పోయాడు. వేపమండ ఉన్న గడప ఎవరూ దాటరు. మూడో నీళ్ళ దాకా దాటరు.

ఆ రోజు ఆదెమ్మ పొయ్యి దగ్గర కూర్చుని తల్లికి చెప్పుకుంది. "నీ పేరు అబద్ధానికి వాడుకున్నా. కోపమొస్తే ఇంకో కన్ను ఉంది. తీసుకో." తల్లి తీసుకోలేదు. గొర్రెలకాపరి చేత వాగవతలికి కబురు పెడితే, తొమ్మిదో రోజుకి పేరమ్మ అన్న బండి కట్టుకుని వచ్చాడు. మూడో నీళ్ళు పోయించుకుని, తడి జుట్టుతోనే బండెక్కి పోయింది. పేరమ్మ బతికింది. ముగ్గురిలో బతికింది ఆమె ఒక్కతే. ఆశ పెట్టుకుని వినేవాళ్ళు ఉంటారు కాబట్టి ముందే చెప్పడం మర్యాద.

రెండోసారి వచ్చింది అంకాలు. రైతు పెళ్ళాం. ఇద్దరు పిల్లల తల్లి. చెంప వాపు తప్ప, ఆమెకి విరిగినవి బయటికి కనపడేవి కావు. ఆదెమ్మ ఈసారి ఆలోచించే కట్టింది మండ. మొగుడు వచ్చాడు, చూశాడు, పోయాడు. మొదటి నీళ్ళు అయినయ్. రెండో నీళ్ళు అయినయ్. మూడో నీళ్ళ నాడు అంకాలు కదలకుండా కూర్చుంది.

"ఎక్కడికి పోతావే?" అంది ఆదెమ్మ.

"ఎక్కడికని పోనత్తా? పిల్లలు అక్కడే ఉన్నారు."

"పుట్టింటికి?"

"మా వదిన మంచిదే. వాకిట్లోనే నిలబెట్టి చల్లటి మజ్జిగ ఇచ్చిద్ది. తాగాక చెంబు తీసుకుని లోపలికి పోద్ది."

"మరెట్టా?"

"ఇంకొన్నాళ్ళు ఉంచుకోరాదా?"

ఆదెమ్మ ఒళ్ళో చేతులు చూసుకుంది. "తల్లి తొమ్మిది రోజులకి మించి ఒక మనిషి మీద ఉండదే. మించితే అందరికీ తెలిసిపోద్ది. నీకూ దారి మూసుకుపోద్ది, నీ తర్వాత వచ్చేదానికీ మూసుకుపోద్ది."

అంకాలు లేచింది. తల దువ్వుకుంది. బొట్టు పెట్టుకుంది. "నా కూతురు నన్ను ఇట్టా చూస్తే భయపడుద్ది" అని చెంప మీద వాపు మిగిలిన చోట పసుపు కాస్త ఎక్కువ రాసుకుంది. వచ్చిన దారినే పోయింది.

ఇరవయ్యో రోజు మోటబావిలో తేలింది.

మొగుడు బావి గట్టు మీద కూర్చుని తల కొట్టుకున్నాడు. "తల్లి చూసి పోయినకాడ్నుంచి దానికి మతి చెదిరింది. నేనేం చేసేది!" అని ఏడ్చాడు. ఊరు అవునంది. అమ్మవారు వచ్చిపోయిన ఆడదానికి మతి చెదరడం ఉన్నదే అంది. ఆదెమ్మ అక్కడే నిలబడి ఉంది. అంకాలు ఒంటి మీదికి ఏ తల్లీ రాలేదని ఆమెకి తెలుసు. నోరు తెరిస్తే గడప పోతుంది. తెరవకపోతే చచ్చినదాని మీద పిచ్చిదని ముద్ర. తెరవలేదు. తను కట్టిన అబద్ధం వాడు ఒంటి మీద కప్పుకుని కూర్చున్నాడు, చలికాలం దుప్పటి కప్పుకున్నట్టు. ఆమె చూస్తూ నిలబడింది.

ఇంక కట్టను అనుకుంది ఆదెమ్మ. ఒట్టు పెట్టుకుంది.

మూడోసారి వచ్చింది నాంచారి.

నాంచారి పెద్దింటి చిన్నకోడలు. పెద్దిల్లంటే ఊరి పెత్తనం చేసే ఇల్లు. వాళ్ళ ఇంటిపేరు ఇందులో ఉండదు. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, రామనవమికి పానకం పంచుతారు, పేరు విని మురిసిపోయే వీలు వాళ్ళకి ఇవ్వక్కర్లేదు. పెద్దాయన అన్నగారు. నాంచారి మొగుడు చిన్నోడు. వాళ్ళిద్దరి తల్లి ముసలామె. నాంచారి కథలో ఈ ముగ్గురే. కలపాల్సినవాళ్ళు ఇంక లేరు.

నాంచారికి ఐదో నెల. వీపు మీద నాగలి తాడు అచ్చు ఉంది.

"పోవే తల్లీ," అంది ఆదెమ్మ. "నా వల్ల కాదు. తొమ్మిది రోజులు దాచి పదో రోజు బావిలోకి పంపలేను."

"నాకు చోటుంది అత్తా. ఉప్పు ఊళ్ళో మా మేనత్త ఉంది. ఆమె ఒంటిది, ఎవరికీ భయపడదు. ఉప్పు బండ్లు వాగు దాటే రోజుదాకా తల దాచు. చాలు."

ఉప్పు బండ్లు తిరిగి పోయేది సరిగ్గా తొమ్మిదో రోజున. ఆదెమ్మ వేళ్ళ మీద లెక్క చూసుకుంది. ఒకటికి మూడుసార్లు చూసుకుంది. సరిపోయింది. లేచి మండ కట్టింది.

చిన్నోడు వచ్చి ఇరవై అడుగుల అవతల ఉన్న బండరాయి దగ్గరే ఆగాడు. పెద్దాయన వచ్చి అక్కడే ఆగాడు. ముసలామె మాత్రం రోజూ పొద్దు నడినెత్తికి వచ్చే వేళకి పెరుగన్నం ముంత తెచ్చి ఆ బండ మీద పెట్టి, తల్లికి దణ్ణం పెట్టుకుని పోయేది.

అంతా బాగానే ఉంది. నాంచారి తినడమే లేదు. వేవిళ్ళు పోయే నెల అయినా పోలేదు. చప్పిడి అన్నం నోట్లో పెట్టుకుంటే కక్కేది. పెరుగన్నం పెట్టుకుంటే కక్కేది. మొదటి నీళ్ళ నాటికి నడుం నిలవలేదు. రెండో నీళ్ళ నాటికి ఆదెమ్మ పట్టుకుంటే తప్ప కూర్చోలేదు. ఎనిమిదో రోజుకి కళ్ళు లోపలికి పోయినయ్.

"అత్తా, కాస్త చారు. తాలింపు వేసిన చారు."

"తప్పే."

"ఒక్క ఎండుమిరపకాయ. రెండు వెల్లుల్లి."

"తల్లి ఇంట్లో తాలింపు వేస్తే ఊరు తగలబడుద్దే."

"తల్లి యాడుంది అత్తా ఈ ఇంట్లో? నువ్వూ నేనే కదా ఉంది."

ఆ మాటకి ఆదెమ్మ ఉలిక్కిపడింది. ఎనిమిది రోజులుగా తను కూడా తల దువ్వుకోలేదు. బిచ్చగాణ్ణి తిప్పి పంపింది. లేని తల్లికి అన్ని మడులూ కట్టింది.

రేపు ఈ పిల్ల వాగులో నడుము లోతు నీళ్ళు దాటాలి. దాటితే బండి. నిలబడలేని పిల్ల ఎట్లా దాటుతుంది? ఆదెమ్మ తలుపు సందులోంచి చూసింది. ఊరి మగవాళ్ళంతా కళ్ళాల్లో ఉన్నారు. గాలి ఊరి మీంచి వాగు మీదికి వీస్తుంది. ముసలామె రావడానికి ఇంకా పొద్దుంది.

మూకుడు పెట్టింది. చుక్క నూనె వేసింది. ఆవాలు నాలుగు, వెల్లుల్లి రెండు, మిరపకాయ ఒకటి. చిటపట వినపడకుండా మూత పెట్టి, మూత మీద తడిగుడ్డ వేసి, ఆ గుడ్డ మీద తన చెయ్యి పెట్టింది. చెయ్యి కాలింది. తీయలేదు.

నాంచారి మొదటి ముద్ద తింది. లోపల ఉంది. రెండో ముద్ద తింది. అదీ ఉంది. మూడో ముద్ద కలుపుకుంటూ, "లోపల కదిలాడు అత్తా" అని నవ్వింది.

అప్పుడే గాలి తిరిగింది. ముసలామె ఆ రోజు ముందే బయల్దేరింది. ఎందుకు బయల్దేరిందో ఎవరికీ తెలియదు. బండ దగ్గరికి వచ్చి తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. మూడోసారి తుమ్మి, ముంత కింద పెట్టింది.

"ఆదీ! ఏందే ఆ ఘాటు?"

"ఊళ్ళో ఎవరో వండుతున్నారక్కా."

"గాలి వాగు మీంచి వస్తందే. వాగులో చేపలు తాలింపు వేసుకుంటన్నాయా?"

ముసలామె ఊళ్ళోకి పరిగెత్తింది. ఎన్నడూ పరిగెత్తని మనిషి, కొంగు జారిపోతున్నా పట్టించుకోలేదు. "తల్లి ఇంట్లో తాలింపు వేశారో! ఊరు తగలబడుద్దో!" అని అరుస్తూ పోయింది. అది భయమే. ముందు భయమే. ఇది కూడా సరిగ్గా చెప్పాలి.

కళ్ళాల్లోంచి జనం వచ్చారు. ఇరవై అడుగుల అవతల ఆగారు. పెద్దాయన కర్ర పైకెత్తి, "ఆదీ, పిల్లని బయటికి తే. ముత్యాలు చూపించు" అన్నాడు.

"లోపలికొచ్చి చూడండి" అంది ఆదెమ్మ.

పెద్దాయన పూజారి వైపు చూశాడు. "మా ఆవిడ నీళ్ళోసుకుంది, కడుపుతో ఉంది, నేను రాకూడదు" అన్నాడు పూజారి. తలారి వైపు చూశాడు. "కాలు బెణికింది దొరా" అన్నాడు తలారి, చక్కగా నిలబడి. తమ్ముడి వైపు చూశాడు. చిన్నోడు నేలకేసి చూశాడు. పెళ్ళాన్ని నాగలి తాడుతో కొట్టినవాడికి వేపాకు ముందు కాళ్ళు రాలేదు.

ముసలామె ముందుకొచ్చింది. "నేను పోతా. చిన్నప్పుడే నన్ను తల్లి చూసి పోయింది" అంది.

ఆదెమ్మ ఈ మాట మర్చిపోయింది. అన్ని లెక్కలూ చూసుకున్న మనిషి, ముసలామె దవడల మీద మచ్చల్ని రోజూ ఇరవై అడుగుల నుంచి చూసి కూడా మర్చిపోయింది. అక్కడ చేరినవాళ్ళల్లో ఆ గడప దాటగలిగింది ఆమె ఒక్కతే.

లోపల ముసలామె కోడలి గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది. ముఖం తమలపాకులా ఉంది. ఒక్క మచ్చ లేదు. నాంచారి చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"అక్కా," అంది ఆదెమ్మ, బయటికి వినపడకుండా. "రేపొక్కరోజు. రేపు పొద్దున బండ్లు పోతయ్. నీ కొడుకు బిడ్డే దాని కడుపులో ఉంది. నువ్వూ ఆ ఇంట్లోనే కాపురం చేశావు. నీ మణికట్టు ఎందుకు వంకరపోయిందో నాకు తెలియదా?"

ముసలామె తన మణికట్టు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"నేను పడ్డాను," అంది ముసలామె. "నలభై ఏళ్ళు పడ్డాను. నాకెవరు కట్టారే మండ?"

బయటికి పోయి చెప్పింది. "ముత్యాల్లేవు. నున్నగా ఉంది."

ఆ తర్వాత చిన్నోడికి కాళ్ళు వచ్చినయ్. మండ తెంపి, గడప దాటి, జుట్టు పట్టుకున్నాడు. ఆదెమ్మ అడ్డం పడితే తోసేశాడు. చెయ్యి కడుక్కోనివ్వలేదు నాంచారిని. చారన్నం అంటిన చెయ్యి అట్లాగే ఊరిదాకా వెళ్ళింది.

పన్నెండో రోజు నాంచారి పోయింది. వాకిట్లో కాలు జారి పడిందన్నారు. చదునైన వాకిలి అది. ఇప్పటికీ చదునుగానే ఉంది.

ఊరు ఆదెమ్మని వెలి వేసింది. తల్లి పేరు మీద అబద్ధమాడినందుకు గుడిసె కప్పు పీకేసింది. నిప్పు ఇవ్వలేదు, బావిలో చేద వేయనివ్వలేదు. ఆదెమ్మ కప్పు లేని గోడల మధ్య కూర్చుని కాలిన అరచేయి చూసుకునేది. నాలుగు ఆవాలు, రెండు వెల్లుల్లి, ఒక మిరపకాయ. అదే లెక్క పెట్టుకునేది.

మరుసటి ఎండాకాలం తల్లి నిజంగా వచ్చింది.

మొదట పెద్దింటికే వచ్చింది. చిన్నోడికి ముత్యాలు పోసింది. తర్వాత పెద్దాయన మనవడికి. తర్వాత వీధి వీధికి. రోగుల్ని చూసుకోవడానికి ముసలామె కూడా లేదు, చలికాలంలోనే పోయింది. పెద్దాయన తలారిని పంపాడు. ఆదెమ్మ లేవలేదు. పూజారిని పంపాడు. లేవలేదు. మూడోసారి తనే వచ్చి, కప్పు లేని గుడిసె ముందు తలపాగా విప్పాడు.

"ఏం కావాలో అడుగు. నీ గుడిసె నేయిస్తా."

"గుడిసె వద్దు."

"మరి?"

ఆదెమ్మకి అడగడం అలవాటు లేదు. పుట్టి ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. తనకి తెలిసినదే అడిగింది.

"ఏ ఆడమనిషైనా గడప మీద వేపమండ కట్టుకుంటే, లోపల ముత్యాలున్నా సరే, లేకపోయినా సరే, మగవాడు దాటకూడదు. చూడటానికి ఎవర్నీ పంపకూడదు. మూడో నీళ్ళ దాకా."

"ఎవరింటి గడపైనా?"

"మీ ఇంటి గడపైనా."

పెద్దాయన ఊరందరి ముందూ వేపమండ తల మీద పెట్టుకుని ఒట్టేశాడు.

ఆదెమ్మ నలభై ఒక్కమందికి నీళ్ళు పోసింది. చిన్నోడికీ పోసింది. నాంచారి జుట్టు పట్టుకున్న చెయ్యి అది, దాని మీద రసి కారుతుంటే వేపాకుతో ఒత్తి తుడిచింది. చిన్నోడు బతికాడు. మంచివాళ్ళు పంతొమ్మిదిమంది పోయారు, వాడు బతికాడు. ఆదెమ్మ వాణ్ణి క్షమించిందని చెప్పే కథలున్నాయి. అబద్ధం. నీళ్ళు పోయడం ఆమె పని, పోసింది. అంతే.

చివరి మనిషికి మూడో నీళ్ళు పోసి ఆదెమ్మ పడిపోయింది. ఒంట్లో ఏమీ మిగల్లేదు. అప్పటికి ఊళ్ళో ఒక గడప మీద ఆదెమ్మ అడిగిన మండ ఉంది. చాకలి బుల్లెమ్మ కట్టుకుంది. మొగుడు కర్ర పట్టుకుని వీధిలో తిరిగాడు. దాటలేదు. ఒట్టు నిలిచింది. తొమ్మిదో రోజున బుల్లెమ్మ నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో వచ్చి ఆదెమ్మ మంచం పక్కన కూర్చుంది.

"అత్తా, నీ దయ వల్ల తొమ్మిది రోజులు నిద్రపోయాను. వాడు వీధి చివర కూర్చున్నాడు. రేపు యాడికి పోను?"

ఆదెమ్మ ఒంటి కన్ను తెరిచింది. అంకాలు గుర్తొచ్చింది. తల దువ్వుకుని, పసుపు రాసుకుని వచ్చిన దారినే పోయిన అంకాలు.

"పదో రోజు," అంది ఆదెమ్మ. "పదో రోజు అడగలేదే నేను! పిలవండి. పెద్దాయన్ని పిలవండి."

ఇద్దరు ఆడవాళ్ళు పరిగెత్తారు. పెద్దాయన భోజనానికి కూర్చుని ఉన్నాడు. మనవడు పక్కన ఆడుకుంటున్నాడు, లేత మచ్చలతో.

"తొమ్మిది అడిగింది, తొమ్మిది ఇచ్చాం," అన్నాడు. "ఇచ్చినమాట తప్పామా? కొత్తగా ఈ పదోది ఏంది?" ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

వాళ్ళు వచ్చి ఆ మాట అట్లాగే చెప్పారు. మార్చి చెప్పి ఉంటే బాగుండేది. మార్చలేదు. ఆదెమ్మ విని, ముఖం గోడవైపు తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిప్పలేదు. బుల్లెమ్మ మర్నాడు ఇంటికి పోయింది. ఆమె ఏమైందో కథలో లేదు. ఎవరూ అడగరు.

అది మొదలు ఆ వాగు వెంట ఊళ్ళల్లో ఆడది వేపమండ కట్టుకుంటే మగవాడు గడప దాటడు. కర్ర పట్టుకుని బయట కూర్చుంటాడు, బీడీ కాలుస్తాడు, పళ్ళు కొరుకుతాడు. దాటడు. ఆ తొమ్మిది రోజులూ ఆ వీధి వీధంతా తాలింపు వేయరు. ఇంటింటా చప్పిడే. మగవాళ్ళు ఎందుకని అడగకుండా తిని లేస్తారు.

తొమ్మిదో రోజున వీధిలో ఆడవాళ్ళు చేరి ఆమెకి మూడో నీళ్ళు పోస్తారు. చాలా మెల్లగా పోస్తారు. తల మీద కాస్త, భుజం మీద కాస్త. మొత్తం పోయరు. చెంబు అడుగున రెండు పుడిసిళ్ళు ఉంచేస్తారు. అవి పోయనంతసేపూ తొమ్మిదో రోజు అయిపోనట్టే. దాన్ని ఆదెమ్మ చెంబు అంటారు. ఆ చెంబు మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. ఒకరు లేవబోతే ఇంకొకరు కూర్చోబెడతారు. పొద్దు కొండ మీదికి వాలుతుంది. సగం దిగుతుంది. దిగిపోతుంది.

అప్పుడు ఎవరో ఒకరు లేచి ఆ నీళ్ళు పోయాలి. పోస్తారు.